పెరటి వైద్యంలో పిట్టకూ పురుగుకూ భాగం

తొలకరి వానలు మొదలైన తరువాత మా వైద్యశాలకు వచ్చే గృహిణులు ఇంటిల్లిపాది అనారోగ్యాలతో పాటు పెరటి మొక్కల బాధలు కూడా చెబుతుంటారు. “కరివేపాకు చెట్టుకు పచ్చపురుగు పట్టిందండీ, ఏ మందు కొట్టమంటారు?” అన్నది వాటిలో మొదటి ప్రశ్న. తులసి ఆకులకు చిల్లులు పడుతున్నాయనీ, సొరపాదు పూస్తున్నా పిందె నిలవడం లేదనీ, పెరట్లోకి పిచ్చుకలు రావడం మానేశాయనీ తరువాతి ఫిర్యాదులు. పైకి వేరువేరుగా కనిపించే ఈ నాలుగింటికీ సంబంధం ఉన్నది. మందు అనే పేరుతో మనం చల్లే విషాన్ని మాని, పెరట్లో మరికొన్ని ప్రాణులకు చోటిస్తే ఈ బాధలు చాలవరకు తగ్గుతాయి. అది ఎట్లాగో, అందులో పాటించవలసిన జాగ్రత్తలేమిటో ఈ వ్యాసంలో వివరిస్తాను.

శాస్త్రం ఏమంటున్నది?

ఔషధం కోసం సేకరించే మొక్క ఎట్లా ఉండాలో సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని భూమిప్రవిభాగీయాధ్యాయం తెలుపుతుంది. గుంతలు, రాళ్ళు, పుట్టలు, శ్మశానాలు లేని మంచి నేలలో అది పుట్టి ఉండాలి. అట్టి నేలలో పుట్టినదైనా పురుగు వల్ల, విషం వల్ల, ఆయుధం వల్ల, ఎండ, గాలి, నిప్పు, నీరు మొదలైన వాటి వల్ల చెడిపోనిదై ఉండాలి.

పురుగు పట్టినది పనికిరాదని శాస్త్రమే చెబుతున్నప్పుడు పురుగును చంపితే తప్పేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. అదే వరుసలో పురుగు పక్కనే విషం కూడా ఉన్నదని వారు గమనించాలి. పురుగు కొరికిన ఆకును విడిచి, మంచి ఆకును కోసుకోవడం మన పని. ఆ పురుగు కోసం మొక్కనంతటినీ విషంతో తడిపితే చిన్న దోషాన్ని పోగొట్టి పెద్ద దోషాన్ని తెచ్చుకున్నట్లవుతుంది. కొరికిన ఆకును ఏరి పక్కన పెట్టగలం. విషం తగిలిన ఆకును కంటితో గుర్తించలేం.

నేను గురుకులంలో చదువుకునే రోజుల్లో మూలికల సేకరణకు వెళ్ళినప్పుడు మా గురువుగారు ముందుగా మొక్క చుట్టూ ఒకసారి తిరిగి చూడమనేవారు. గూడు ఉన్నదా, గుడ్లున్నాయా, తెగులు సోకినదా చూసుకున్న తరువాతనే చేయి వేయాలి. ఒక్కొక్క మొక్క నుండి మూడో వంతుకు మించి ఆకు కోయనిచ్చేవారు కాదు. మిగిలినది మొక్కకూ, దానిని నమ్ముకున్న ప్రాణులకూ చెందుతుందని ఆయన లెక్క. వాగ్భటాచార్యులు కూడా అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో చీమను, పురుగును సైతం తనవలెనే చూడవలసినదిగా బోధించారు. ఆరోగ్యవంతుని దినచర్యలో ఈ మాట చేర్చడం ఆలోచించదగిన విషయం.

కడిగినా పోని విషం

కొన్నేళ్ళ క్రితం మా వీధి చివరి ఇంటివారు నాలుగేళ్ళ మనవడిని ఎత్తుకుని పరుగున వచ్చారు. పిల్లవానికి జలుబు చేస్తే నాయనమ్మగారు ఎప్పటివలెనే పెరటి తులసి ఆకులు దంచి, రసంలో తేనె కలిపి నాకించారు. గంట గడిచేసరికి వాంతులు, నోట చొంగ, ఒళ్ళంతా చెమటలు మొదలయ్యాయి. కంటిపాపలు ఆవగింజలంతగా కుంచించుకుపోయి ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం తోటపనికి వచ్చిన మనిషి గులాబీలకు మందు కొడుతూ పక్కనున్న తులసి మీద కూడా చల్లినట్లు అడిగిన మీదట తెలిసింది. ఆ లక్షణాలు పురుగుమందు విషానివని గుర్తించి, ఏ కషాయమూ ఇవ్వక, వెంటనే పెద్దాసుపత్రికి పంపించాను. సకాలంలో చికిత్స అందడం వల్ల బాలుడు కోలుకున్నాడు.

ఆకులను శుభ్రంగా కడిగానని ఆ తల్లి పదేపదే చెప్పింది. ఆమె మాట నిజమే. అయితే మోనోక్రోటోఫాస్, ఎసిఫేట్, ఇమిడాక్లోప్రిడ్ వంటివి అంతర్వాహిక మందులు. అవి ఆకు పైన నిలిచి ఉండక, లోపలికి ఇంకి మొక్క రసంతో పాటు ప్రవహిస్తాయి. అందువల్ల నీటితో కడిగినా, ఉప్పునీట నానబెట్టినా పూర్తిగా పోవు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని మన దేశంలో 2005లోనే నిషేధం విధించారు. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఇదే మందు కలిసిన వంటనూనెతో చేసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పసిపిల్లలు మరణించారు. ఇంత తీవ్రమైన విషాన్ని వంటింటి గుమ్మానికి పదడుగుల దూరంలో, మన చేతులతో మనమే చల్లుకోవడం ఎంతవరకు వివేకమో పాఠకులే యోచించాలి.

మరొక జాగ్రత్త కూడా అవసరం. నర్సరీ నుండి తెచ్చిన మొక్కకు అక్కడ ఏ మందు కొట్టారో మనకు తెలియదు. కొని తెచ్చిన తులసి, పుదీనా, కరివేపాకులను వెంటనే వాడరాదు. ఉన్న ఆకు పండి రాలి, మన ఇంటి మట్టిలో కొత్త కొమ్మలు వేసి, రెండు మూడు నెలలు గడిచిన తరువాతనే ఔషధానికి ఉపయోగించడం మంచిది.

కరివేపాకు మీది అతిథి

కరివేపాకు, నిమ్మ, మారేడు ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. వాటి లేత ఆకులపై రెండు రకాల సీతాకోకచిలుకలు ఒక్కొక్కటిగా గుడ్లు పెడతాయి. వెలువడిన పురుగు తొలి రోజుల్లో పక్షి రెట్టవలె నలుపు తెలుపు మచ్చలతో ఉంటుంది. పక్షులు దానిని చూసి రెట్ట అనుకుని పోవడానికే ఈ వేషం. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనుక నుండి రెండు కొమ్ముల వంటి అవయవాన్ని బయటికి చాచి ఘాటైన వాసన వదులుతుంది. అది కుట్టదు, విషం చిమ్మదు. గుడ్డు మొదలు రెక్కలు వచ్చేవరకు సుమారు నెల రోజులలో దాని కథ ముగుస్తుంది. ఎదిగిన కరివేపాకు చెట్టు ఆ మాత్రం నష్టాన్ని తట్టుకుని తిరిగి చిగురిస్తుంది.

అడుగు ఎత్తు మొక్క అయితే పురుగులు దానిని మోడు చేసే మాట నిజమే. అప్పుడు పురుగున్న ఆకును తుంచి పెద్ద చెట్టు మీదనో, మారేడు మీదనో పెడితే సరిపోతుంది. చోటున్నవారు రెండు కరివేపాకు మొక్కలు వేసుకుని, ఒకటి వంటకు, మరొకటి పురుగుకు విడిచిపెట్టవచ్చు. ఆ పురుగుల్లో ఎక్కువ భాగం సీతాకోకచిలుకలు కానే కావు. పిట్టలు వాటిని ఏరుకుపోయి పిల్లలకు పెడతాయి. పెద్దయ్యాక గింజలు తినే పిచ్చుక కూడా గూట్లోని పిల్లలకు మొదట మెత్తని పురుగులనే మేపుతుంది. పురుగు లేని పెరట్లో గింజలు చల్లి ఊరుకుంటే పెద్ద పిచ్చుకకు కడుపు నిండవచ్చును కాని, దాని పిల్లలు బ్రతకవు.

ఇరవై ఒక్క పత్రిలోని ఆతిథ్యం

ఏ మొక్కలు నాటాలన్న ప్రశ్నకు దూరం వెళ్ళవలసిన పని లేదు. వినాయక చవితి నాడు మనం పూజించే 21 పత్రులే మంచి జాబితా. వాటిలో మారేడు సంగతి పైన చెప్పాను. జిల్లేడు ఆకు నారింజరంగు రెక్కల సీతాకోకచిలుక పురుగుకు ఆహారం. గన్నేరు మీద ముదురు గోధుమరంగు రెక్కలకు తెల్లని చుక్కల అంచు గల సీతాకోకచిలుక పెరుగుతుంది. రేగు ఆకుపై తెల్లని రెక్కల మీద నల్లని మచ్చలున్న చిన్న సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. తులసి, వావిలి పూలకు తేనెటీగలు వస్తాయి. దానిమ్మ పూలకు తేనెపిట్ట వస్తుంది. రావి, మద్ది వంటివి పెద్ద వృక్షాలు కనుక ఇంటి గోడ పక్కన తగవు. గుడి ఆవరణలో, చెరువు గట్టున నాటితే రావి పండ్లు కోయిలకు, గోరువంకకు విందు.

పత్రిలో లేని మొక్కలలో తుమ్మి, మందారం, అడ్డసరం, మునగ, జామ, సీతాఫలం చేర్చుకోవచ్చు. మునగ పూలకు నల్లని తుమ్మెదలు వస్తాయి. అవి ఎండిన వెదురుబొంగులో గూడు పెట్టుకుంటాయి కనుక, పందిరికి వాడిన పాత వెదురు ముక్కను ఒక మూల ఉంచితే చాలు. బాగా పండిన కరివేపాకు పండ్లను పిగిలిపిట్టలు ఇష్టంగా తింటాయి. వాటి రెట్టలతో పడిన గింజలే మరుసటి ఏడు కొత్త మొక్కలవుతాయి.

చూడటానికే తప్ప సేవించడానికి కాదు

ఈ మొక్కలన్నీ పెరట్లో ఉండవచ్చును గాని, అన్నీ నోటిలో వేసుకోదగినవి కావు. జిల్లేడు, గన్నేరు, ఉమ్మెత్త మూడూ పత్రిలో ఉన్నా, శాస్త్రం వాటిని ఉపవిషాలలో చేర్చింది. శుద్ధి చేసి వైద్యుడు వాడవలసిన ద్రవ్యాలను ఇంటివైద్యంగా వాడితే ప్రాణాపాయం. గన్నేరులో ప్రతి భాగమూ గుండెను దెబ్బతీస్తుంది. పూజకు జిల్లేడు పూలు కోసేటప్పుడు పాలు కంటిలో పడితే చూపు దెబ్బతినవచ్చు. వెంటనే ధారాళంగా మంచినీటితో చాలాసేపు కడిగి కంటివైద్యుని వద్దకు వెళ్ళాలి. పసిపిల్లలున్న ఇళ్ళలో ఈ మూడింటినీ నాటకపోవడమే క్షేమం.

ఈశ్వరి తీగ గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. నల్లని రెక్కలు, ఎర్రని శరీరం గల అందమైన సీతాకోకచిలుకలకు ఈ తీగే ఆధారం. వాటి పురుగులు ఆ ఆకులోని విషాన్ని తమ శరీరంలో దాచుకుంటాయి. అందుచేత పిట్టలు వాటి జోలికి పోవు. విచిత్రమేమంటే, కరివేపాకు మీద పెరిగే ఒక నల్ల సీతాకోకచిలుకలో కొన్ని ఆడవి, తమలో ఆ విషం లేకపోయినా, అచ్చంగా వీటి రూపాన్నే ధరించి పక్షుల నుండి తప్పించుకుంటాయి. పూర్వం జ్వరాలకు, విషాలకు ఈశ్వరి వేరును వాడినవారున్నారు. అయితే దీనిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను శాశ్వతంగా పాడు చేస్తుందని 1990ల నాటి పరిశీలనల వల్ల స్పష్టమైంది. ఈ జాతి మొక్కలు గల మందులు మనుషుల్లో క్యాన్సర్ కారకాలని 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. పరంపరను గౌరవించే వైద్యునిగానే చెబుతున్నాను, ఈశ్వరి తీగ సీతాకోకచిలుకలకు ఉండనీయండి. మీ కషాయంలోకి రానీయకండి.

పిందె ఎందుకు నిలవదు?

సొర, బీర, గుమ్మడి, కాకర పాదులకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. పువ్వు కింద బుల్లి కాయ కనిపిస్తే అది ఆడపువ్వు. మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వును చేరకపోతే ఆ బుల్లి కాయ పసుపుబారి రాలిపోతుంది. దానికి ఎరువు తక్కువైందని మరింత ఎరువు వేస్తారు, పురుగు అనుకుని మందు కొడతారు. మందు వల్ల తేనెటీగలు చచ్చి, ఉన్న పిందెలు కూడా రాలుతాయి. గుమ్మడి, కాకర ఉదయం పూస్తాయి కనుక వాటికి తేనెటీగలు కావాలి. సొరపువ్వు సాయంకాలం విచ్చుకుని రాత్రి తిరిగే రెక్కల పురుగులను పిలుస్తుంది. కనుక రాత్రంతా పెరట్లో పెద్ద దీపం వెలిగించి ఉంచడం మంచిది కాదు. తేనెటీగలు తిరిగి వచ్చేవరకు మగపువ్వును కోసి ఆడపువ్వు మధ్య భాగానికి మృదువుగా తాకిస్తే పిందె నిలుస్తుంది.

సుశ్రుతాచార్యులు ఎనిమిది రకాల తేనెలను పేర్కొన్నారు. తేనె గుణాలను ఎంత చదివినా, తేనెటీగకు ఒక్క పువ్వు ఇవ్వని ఇంటికి ఆ చదువు నిష్ప్రయోజనం. పెద్ద తేనెపట్టు ఇంటి చూరుకు పడితే మాత్రం పొగపెట్టడం, రాళ్ళు విసరడం చేయరాదు. తెలిసినవారిని పిలిపించాలి. ఈగ కుట్టిన తరువాత ఆయాసం, ముఖం వాపు వస్తే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

పురుగుకు విషం లేని ఉపాయాలు

పేనుబంక పడితే నీటిని వేగంగా చిమ్మి రాల్చవచ్చు. పిండినల్లిని తడిగుడ్డతో తుడిచివేయవచ్చు. పది రోజులు ఓపిక పడితే అక్షింతల పురుగులు వచ్చి పేనుబంకను తినివేస్తాయి. సాలీడు, తొండ, గోదురుకప్ప కూడా ఈ పనిలో మనకు సహాయకులే. తప్పనిసరి అయితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి, తేనెటీగలు వెళ్ళిపోయిన తరువాత సాయంత్రం వేళ, పూలపై పడకుండా చల్లవచ్చు. అయితే ఆ వేపనూనెను పసిపిల్లల చేత ఎన్నడూ తాగించరాదు. అది వారికి విషతుల్యం. కొమ్మలకు పుండ్లు పడితే వాయువిడంగాలను నెయ్యి, మట్టితో కలిపి పూయడం వరాహమిహిరుని బృహత్సంహితలోనే ఉన్నది. చెట్టుకు కూడా వైద్యం చేయవచ్చునని మన పెద్దలు భావించారు.

గింజలు, నీరు, కొన్ని జాగ్రత్తలు

సంక్రాంతి దినాల్లో వరి కంకులను కుచ్చులుగా కట్టి వసారాలో వ్రేలాడదీయడం మన ఇళ్ళ ఆచారం. బియ్యప్పిండితో ముగ్గు పెట్టడం చీమల కోసం. రాతిపిండి ముగ్గుతో ఆ ప్రయోజనం నెరవేరదు. ఈ రెండింటినీ తిరిగి మొదలుపెట్టవచ్చు. కాని మేడల మీద పావురాలకు బస్తాలకొద్దీ గింజలు పోయడం తగదు. ఎండిన పావురాల రెట్ట ధూళిని రోజూ పీల్చినవారికి ఊపిరితిత్తుల వాపు రావచ్చు. ఉబ్బసం ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి.

వేసవిలో పిట్టల కోసం వెడల్పైన మట్టి మూకుడులో రెండంగుళాల లోతు నీరు పోసి నీడలో ఉంచండి. ఈ నీరే డెంగీ దోమకు నిలయం కాగలదు. ఏడిస్ దోమ గుడ్డు వారం, పది రోజులలో దోమ అవుతుంది. గుడ్లు పాత్ర అంచుకు అంటుకుని, నీరెండినా నెలల తరబడి బ్రతికి ఉంటాయి. అందువల్ల నీరు మార్చడం ఒక్కటే చాలదు. రెండు రోజులకు ఒకసారి మూకుడును కొబ్బరిపీచుతో గట్టిగా తోమాలి.

మొక్కలు పెంచితే పాములు వస్తాయన్న భయం సహజమే. పాము మొక్క కోసం రాదు, ఎలుక కోసం వస్తుంది. గింజలు నేలపాలు కాకుండా చూడాలి. ఇటుకల కుప్పలు, కట్టెల మోపులు గోడకు ఆనించి ఉంచరాదు. రాత్రి చేతిదీపం, చెప్పులు లేకుండా పెరట్లోకి వెళ్ళరాదు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా కట్టింది. కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం, ఆకుపసరు తాగించడం వంటివేవీ చేయరాదు. ఆ అవయవాన్ని కదలనీయక, 108 వాహనంలో ప్రతివిషం దొరికే ఆసుపత్రికి చేర్చాలి. ఆయుర్వేద వైద్యునిగా నా సలహా కూడా ఇదే.

ఈ ఏడాది చేయవలసినవి

1. మృగశిర కార్తెలో ఒక మారేడు లేదా నిమ్మ, రెండు కరివేపాకు, ఒక మందారం నాటండి. చోటు లేనివారు కుండీలలో తులసి, తుమ్మి, కరివేపాకు పెంచండి.

2. తులసికి ఒక కొమ్మనైనా పూర్తిగా పూయనివ్వండి. వెన్నులన్నీ తుంచివేస్తే తేనెటీగకు ఏమీ మిగలదు.

3. రాలిన ఆకులను తగులబెట్టక ఒక మూల పోగు చేయండి. ఆ పోగును ఇంటి గోడకు దూరంగా ఉంచండి.

4. కొమ్మలు నరికే ముందు గూళ్ళున్నాయేమో చూడండి. పిల్లలు ఎగిరిపోయిన తరువాతనే కత్తి పట్టండి.

5. తోటపనివారికి, పక్క ఇంటివారికి మీ పెరటి ఆకు ఔషధానికి వాడుతున్నామని ముందుగానే చెప్పి ఉంచండి. గాలివాటున పక్కింటి మందు కూడా మన తులసి మీద పడుతుంది.

6. ఔషధానికి ఉదయం వేళ, పురుగు కొరకని, ముదరని ఆకును కోసుకోండి. మూడో వంతుకు మించి కోయకండి.

ఈ నియమాలు పాటించిన పెరట్లో ఒకటి రెండు వర్షాకాలాలు గడిచేసరికి మార్పు కనిపిస్తుంది. ఆకులకు అక్కడక్కడ చిల్లులు ఉంటాయి. వాటిని చూసి విచారించవలసిన పని లేదు. ఆ చిల్లు పడిన ఆకు పక్కనున్న మంచి ఆకును మీ బిడ్డ కషాయంలో ధైర్యంగా వేయండి.